డబుల్ కా మీఠా: ఎండిన రొట్టెతో విందు తీపి

డబుల్ కా మీఠా హైదరాబాదు విందులలో భోజనానంతరం వడ్డించే తీపి వంటకం. వివాహాలలోను, రంజాన్ మాసంలోను దీనికి ప్రత్యేక స్థానం ఉంది. పులిసిన పిండి పొంగి రెట్టింపవుతుంది గనుక బ్రెడ్డుకు ‘డబల్ రోటీ’ అని పేరు వచ్చిందని చెప్తారు. ఉర్దూలో ‘మీఠా’ అనగా తీపి.

దేశదేశాల బంధువులు

టర్కీలో దీనిని పోలినది ‘ఎక్మెక్ కదాయిఫీ’. ‘ఎక్మెక్’ అనగా రొట్టె. ఇందుకై ప్రత్యేకంగా కాల్చి ఎండబెట్టిన రొట్టెను నీటిలో నానబెట్టి, పంచదార పాకంలో ఉడికించి, పైన ‘కయ్‌మక్’ అనే చిక్కని మీగడ ఉంచుతారు. అఫ్యోన్‌కరాహిసార్ ప్రాంతపు గేదెపాల మీగడ ఇందుకు పేరెన్నికగన్నది. 1954 వరకు మన యానాంను పాలించిన ఫ్రెంచివారు మిగిలిన రొట్టెను పాలు, గుడ్ల మిశ్రమంలో ముంచి వేయిస్తారు. దాని పేరు ‘పాఁ పెర్ద్యూ’, అనగా ‘పోయిన రొట్టె’. పోయిందనుకొన్న దానిని పళ్ళెంలోకి తెచ్చుటయే ఈ వంటకాల నేర్పు.

కావలసినవి

బ్రెడ్డు ముక్కలు 8, పాలు అర లీటరు, పంచదార 200 గ్రాములు, నీరు ఒక గ్లాసు, వేయించుటకు నెయ్యి, ఏలకులు 4, జీడిపప్పు, వీలైతే కొద్దిగా కుంకుమపువ్వు.

చేయు విధానం

ముక్కలను కొంతసేపు ఎండబెట్టి, సన్నని సెగపై నేతిలో ఎర్రగా వేయించాలి. తాజా రొట్టెలో తడి ఉన్నందున పాకం తగలగానే ముద్దవుతుంది. ఎండి వేగిన రొట్టె పాకాన్ని పీల్చుకొని కూడా ఆకారం నిలుపుకొంటుంది. పంచదార, నీరు కలిపి వేళ్ళకు జిగురు తగిలే వరకు కాచాలి, తీగపాకం అక్కరలేదు. ఏలకుల పొడి, కుంకుమపువ్వు అందులోనే వేయాలి. పాలు సగమయ్యే వరకు విడిగా మరిగించాలి. ముక్కలను పళ్ళెంలో పరచి, ముందు వేడి పాకం, తరువాత పాలు పోసి, వేయించిన జీడిపప్పు చల్లాలి.

ఒక హెచ్చరిక

ఎండిన రొట్టె వేరు, పాడైన రొట్టె వేరు. దరియాలతిప్ప వంటి తీరగ్రామాల తేమగాలికి రొట్టె త్వరగా బూజు పడుతుంది. బూజు కనబడినంత మేర కోసివేసి మిగిలినది వాడరాదు. దాని పోగులు కంటికి కానరాకుండా లోపలికి వ్యాపిస్తాయి. వేయించినా అందులోని విషపదార్థాలన్నీ నశించవు. అట్టి రొట్టెను పారవేయుటయే మేలు. పాలు కలిసిన ఈ తీపిని చేసిన పూటనే తినాలి. మధుమేహం ఉన్న పెద్దలకు దీనిని పెట్టేముందు వైద్యుని సలహా తీసికొనుట మంచిది.