మడమ బర్సైటిస్

మడమ ఎముకకూ, పిక్క కండరాలను దానికి కలిపే అకిలెస్ స్నాయువుకూ మధ్య కొద్దిపాటి ద్రవం ఉన్న చిన్న సంచి ఉంటుంది. ఒరిపిడి తగ్గించే ఈ సంచిని బర్సా అంటారు. అది వాచి నొప్పి పెట్టడమే మడమ బర్సైటిస్.

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి లాంటి మండల కేంద్రాల్లో పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే యువత పరుగు మొదలుపెడతారు. తెలంగాణ 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు గడువు. ఇలాంటి గడువు అందుకోవాలని నెలల్లో పెంచాల్సిన దూరాన్ని వారాల్లో పెంచడం, ఎత్తు ఎక్కే పరుగు, మడమ వెనుక ఒత్తే గట్టి బూట్లు ఈ నొప్పికి ముఖ్య కారణాలు.

బర్సా వాస్తే, స్నాయువుకు కాస్త ముందు మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే కలుక్కుమంటుంది.

పరుగు ఆపడమే మొదటి మందు; ఈత కొట్టవచ్చు. గుడ్డలో చుట్టిన ఐసు 10–15 నిమిషాలు పెట్టాలి. రెండు బూట్లలోనూ మడమ కింద ప్యాడ్ వేస్తే ఒత్తిడి తగ్గుతుంది. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం మంచిదని చాలామంది వెంటనే మొదలుపెడతారు. కానీ తొలిదశలో అది బర్సాను ఇంకా నలిపేస్తుంది. నొప్పి మాత్ర మింగి పరుగెత్తడం మరీ ప్రమాదం. స్టెరాయిడ్ సూదితో స్నాయువు తెగే ముప్పుంది కనుక దాన్ని నిపుణులే నిర్ణయించాలి. శస్త్రచికిత్స అరుదు. మడమ ఎర్రబడి జ్వరం వచ్చినా, 'టప్'మని తెగినట్టనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.