కుడ్యమున నిలిచిన తల్లి శోకము

క్రీ. పూ. 431లో ఏథెన్సు నాటకోత్సవమున ప్రదర్శింపబడిన యూరిపిడీసు 'మెడియా', భర్త జేసను విడనాడగా పగబట్టి కన్నబిడ్డలనే చంపుకొన్న తల్లి విషాదగాథ. నాటి పోటీలో కవికి తృతీయస్థానమే దక్కెను.

తరువాతి కాలమున బైజాంటియము చిత్రకారుడు టిమోమాకసు ఈ గాథను చిత్రించెను. హత్యను గాక, అంతకు పూర్వక్షణమున ఆగ్రహమునకును కడుపుతీపికిని నడుమ నలిగిన తల్లిని చూపెను. జూలియసు సీజరు దీనిని, వీరుడు ఎజాక్సు చిత్రమును కలిపి 80 టాలెంట్లకు కొని, రోములో మాతృరూపిణియగు వీనసు ఆలయమున నుంచెనని ప్లినీ రచనవలన తెలియుచున్నది.

మూలచిత్రము నశించినది. క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము కప్పివేసిన హెర్క్యులేనియమున దొరకిన కుడ్యచిత్రము దాని ననుసరించినదని పండితులు తలంతురు. నేపుల్సు ప్రదర్శనశాలలోని ఆ చిత్రమున మెడియా ఒంటరిగా నిలిచి, వ్రేళ్లు పెనవేసికొని, ఖడ్గము దాల్చియు చూపు ప్రక్కకు మరల్చినది. బిడ్డలు కనబడరు, వారిపై మమత మాత్రము ఆ వ్రేళ్ల బిగువున కనబడును.