నిష్కామ సేవకు నెలజీతమా?

దసరా రోజుల్లో బెజవాడ కనకదుర్గమ్మ కొండ ఎక్కేవాళ్లకి అమ్మవారి కంటే ముందు దర్శనమిచ్చేవి ఖాకీ బట్టలు. మూలా నక్షత్రం నాడైతే, అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉండే రోజు గనక, క్యూలో ఇసకవేస్తే రాలదు. "నడవండమ్మా, ఆగకండి, పిల్లాణ్ణి ఎత్తుకోండి" అంటూ ఆ ఖాకీవాళ్లు గొంతులు బొంగురుపోయేలా అరుస్తూనే ఉంటారు. అందర్నీ కలిపి మనం పోలీసులనేస్తాం గానీ, వాళ్లలో హోంగార్డులూ ఉంటారు. "ఎవరైతేనేం లెద్దూ, ఖాకీ ఖాకీయే" అంటుంది మా వదిన. చూసేవాళ్లకి ఒకటే. నెలాఖరున పచారీ కొట్టు బాకీ తీర్చేవాళ్లకి మాత్రం ఒకటి కాదు.

పోలీసు ఉద్యోగి. అతనికి జీతం, స్కేలు అంటూ ఉన్నాయి. హోంగార్డు మాత్రం చట్టం లెక్కలో స్వచ్ఛంద సేవకుడు. అతనికి ముట్టేది జీతం కాదు, డ్యూటీ చేసిన రోజుకి ఇంత అని భత్యం. ఆ సంస్థ ఆదర్శవాక్యమేమిటో తెలుసా? "నిష్కామ సేవ". ఫలం కోరకుండా చాకిరీ చెయ్యమని. ఈ మాట మన ఆడవాళ్లకి ఎక్కడో బాగా విన్నట్టే ఉంటుంది కదూ!

అసలీ కాపలా కథ చాలా పాతది. పూర్వం కృష్ణా డెల్టా పల్లెల్లో రక్షకభటుడంటే తలారే. 1816లో మద్రాసు ప్రభుత్వం 11వ రెగ్యులేషన్ చేసి, గ్రామ మునసబును ఊరి పోలీసుకు పెద్దగా, తలారిని అతని చేతికింది మనిషిగా గుర్తించింది. తలారికి కొంత ఇనాం భూమో, కళ్లంలో కొలిచి పోసే మేర గింజలో ఆధారం. 1859లో మద్రాసు ప్రెసిడెన్సీకి పోలీసు చట్టం వచ్చి, జీతాల పోలీసులు వచ్చాక కూడా ఊళ్లో తలారి తలారిగానే ఉన్నాడు. మునసబు, కరణాల పదవులు రద్దయింది 1984 జనవరిలో గదా! అంటే దొంగని పసిగట్టడానికి ఊరి మనిషే కావాలి, అతన్ని పోషించే భారం మాత్రం సర్కారు మీద పడకూడదు. ఈ పొదుపు మనకి కొత్తగా వచ్చిందేం కాదు.

1861 పోలీసు చట్టంలో ఇంకో తమాషా ఉంది. అల్లర్లు రేగితే ఊళ్లోవాళ్లనే స్పెషల్ పోలీసులుగా నియమించవచ్చు. కారణం లేకుండా రానన్నవాళ్లకి 50 రూపాయల దాకా జరిమానా! ఆ రోజుల్లో 50 రూపాయలంటే మాటలా?

"హోంగార్డు" అన్న పేరు మాత్రం సీమనించి దిగుమతైంది. 1940 మే 14న బ్రిటిష్ యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో, జర్మన్లు దిగుతారేమో, ఊళ్లు కాయడానికి రండి అని పిలుపిచ్చాడు. జూలై ఆఖరుకల్లా దాదాపు 15 లక్షల మంది చేరారు. వాళ్లకి హోంగార్డు అన్న పేరు చర్చిల్ ఖాయం చేశాడు. పగలు ఎవరి ఉద్యోగం వారిది, రాత్రి కాపలా. యుద్ధం గండం గడిచాక, 1944 డిసెంబరులో, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపొమ్మన్నారు.

మన దేశంలో బొంబాయిలో మతకల్లోలాలు చెలరేగినప్పుడు, 1946 డిసెంబరు 6న, హోంమంత్రిగా ఉన్న మొరార్జీ దేశాయ్ పూనికతో హోంగార్డులు పుట్టారు. ఏటా హోంగార్డుల దినం జరిపేది ఆ తేదీనే. మన ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. మనకి వర్తించిన హోంగార్డు చట్టం 1948 నాటిది. 1962లో చైనా దండెత్తాక, రాష్ట్రానికొక తీరుగా ఉన్న స్వచ్ఛంద దళాలన్నిటినీ ఒక్క రూపానికి తెమ్మని కేంద్రం సలహా ఇచ్చింది. డాక్టర్లు, లాయర్లు, కాలేజీ కుర్రాళ్లు, ఎవరి పని వారు చేసుకుంటూనే, ఆపద వేళ వచ్చి సాయపడాలని ఊహ. ఊహ మంచిదే. ఎవరు కాదన్నారు?

కానీ ఆపద రోజూ రాదు, ట్రాఫిక్ రోజూ వస్తుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు పన్నెండు రోజుల్లో అయిపోయాయి గానీ, బెంజి సర్కిల్లో బళ్లకి ముగింపు ఉందా? పోలీసుల మీద పని పెరిగినకొద్దీ హోంగార్డులు రోజూ కావలసినవాళ్లయ్యారు. అక్కడే ఓ హోంగార్డు అమ్మాయి నన్ను రోడ్డు దాటించింది. మాట కలిపాను.

"ఎన్నాళ్లబట్టీ చేస్తున్నావమ్మా?"

"పన్నెండేళ్లండీ."

"మరి మీ అసలు ఉద్యోగం?"

ఆ అమ్మాయి నవ్వింది. "ఇదేనండీ. ఉద్యోగం కాదంటారు గానీ, ఇదే ఉద్యోగం."

నాకు నోట మాట రాలేదు. చట్టాలన్నీ తిరగేసినా ఇంతకంటే క్లుప్తంగా ఎవరు చెబుతారు?

ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015 మార్చిలో కోర్టు, హోంగార్డులను పర్మినెంటు చెయ్యమనలేం గానీ, నెల్లో 30 రోజుల భత్యం కలిపితే పోలీసుకిచ్చే కనీస వేతనానికి సమానం కావాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రోజు భత్యం 600నించి 710 రూపాయలైంది. నెలంతా డ్యూటీ చేస్తే 21,300. ఇప్పుడు చెప్పండి, నెల రోజులూ నాగా లేకుండా చేసేదాన్ని తీరిక వేళ సేవ అంటామా?

ఈ చవక కాపలాకి భయంకరమైన ముఖం కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో అంతంతమాత్రం చదువున్న గిరిజన కుర్రాళ్లని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా తీసుకుని, గౌరవ వేతనమిచ్చి, చేతికి తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ ధర్మాసనంలో పెద్ద మన తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డిగారు. ప్రాణం ఒడ్డే పని పోలీసుది, ఇచ్చే డబ్బు మాత్రం నామమాత్రం అయితే సమానత్వం, ప్రాణరక్షణ అనే హక్కులు ఏమైనట్టు అన్నదే అక్కడి ప్రశ్న.

స్వచ్ఛంద సేవే తప్పని నేననను. ఇంగ్లండులో స్పెషల్ కానిస్టేబుళ్లు ఈనాటికీ ఉన్నారు. పోలీసుకున్న అధికారాలన్నీ వాళ్లకీ ఉంటాయి, జీతం ఉండదు. వాళ్లకి మరో జీవనాధారం ఉంటుంది. నెలలో కొన్ని గంటలు ఊరికిస్తారు. అది నిజంగా దానం. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ డ్యూటీయే దిక్కయినప్పుడు అది దానం కాదు, కష్టార్జితం.

మన చుట్టూ ఎంతమందిని ఇలా పేరు మార్చి పిలుస్తున్నామో చూడండి. అంగన్‌వాడీ టీచరుకి ఇచ్చేది గౌరవ వేతనం. ఆశా కార్యకర్త కాగితం మీద స్వచ్ఛంద సేవకురాలు. అర్ధరాత్రి పురిటి నొప్పులకి పరిగెత్తేది మాత్రం ఆవిడే. ఇక ఇంట్లో తెల్లారకముందు లేచి, అందరూ పడుకున్నాక పడుకునే ఇల్లాలిది ధర్మం. "సేవ" అనే మాటకి ఎంత గౌరవముందో, దాని చాటున అంత బాకీ దాగుంటుంది. దణ్ణం పెట్టి ఊరుకుంటే ఆ బాకీ తీరదు. గోదాట్లో ఈదినా కృష్ణలో ఈదినా ఈత ఈతే; పోలీసు పని ఎవరు చేసినా పోలీసు పనే. దానికి సరైన పేరు పెట్టి, సరైన వెల కట్టడం మన ధర్మం.