అమ్మవారి ముత్యాలు, లేజరు మచ్చలు

మశూచి సోకితే మా అవ్వల తరం ‘అమ్మవారు పోసింది’ అనేది. పొక్కులు ముత్యాలు. బతికిన ఆడపిల్ల మొహాన మిగిలిన గుంటలు పెళ్ళిచూపుల్లో అడ్డమే (దాన్ని కీర్తించే ఉద్దేశం నాకు లేదు). కానీ తప్పు మాత్రం పిల్లది కాదు, తల్లి ఆగ్రహానిది.

1975లో దేశంలో చివరి మశూచి కేసు నమోదయింది. ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చిందీ ఆ ఏడే. అమెరికన్ వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ ఎండకి స్పందించే తీరునిబట్టి చర్మాన్ని వర్గీకరించిందీ ఆ ఏడే. అయితే తెల్ల చర్మాన్నే. మన చామనఛాయలూ నలుపులూ ఆ పట్టికలోకి తర్వాత చేరాయి. లేజరు చికిత్సలో ఇప్పటికీ సంప్రదించే కొలమానం అదే.

తిరుపతిలో మొటిమల గుంటలకి లేజరు చేయించుకున్నాక ఈ చరిత్ర నా చెంపలమీదికే వచ్చింది. తిమ్మిరెక్కించే క్రీము రాసి గంట కూర్చోబెట్టారు. తర్వాత రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు వరస చురుకులు, వెంట్రుక కాలిన వాసన. పెచ్చులు రాలాక గుంటలకంటే నల్లగా మచ్చలు తేలాయి. మెలనిన్ ఎక్కువున్న చర్మం వేడికి అలా నల్లబడుతుంది. అందుకే మనకి శక్తి తగ్గించి, విడతలు పెంచి చెయ్యాలి. ఈ సంగతి ముందు చెప్పినవాళ్ళు లేరు. ‘ఎండలో తిరిగారా?’ అని నన్నే నిలదీశారు. మే నెలలో, రాయలసీమలో!

పక్క కుర్చీలో చిత్తూరు అమ్మాయికీ అదే ప్రశ్న. ఆమె నిశ్చితార్థం పది రోజుల్లో. తల్లి కూతురివైపే కోపంగా చూసింది.

ఆ వారమే గంగమ్మ జాతర. తోటి వేషం నాడు మగవాళ్ళు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారు. నేను చున్నీ మొహానికి చుట్టుకుని నోట్సు రాసుకున్నాను.