గడ్డలు తవ్వే కర్రకూ ఒక చరిత్ర ఉంది

పోయిన ఎండాకాలం సెలవులకు ముందు, పదో తరగతి చదివే ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. "సార్, పేలియో డైట్ మొదలుపెట్టాలంటే ఏమేం కొనాలి?" అని అడిగింది. ఫోనులో చూసిందట. ఆదిమానవుడు తిన్న తిండి తింటే ఒంటికి మంచిదని, అందుకు బాదంపప్పు, ఆలివ్ నూనె లాంటివి కావాలని అందులో చెప్పారట. ఆ పిల్లది నల్లమలలో ఒక పెంట. వాళ్ల అవ్వ ఇప్పటికీ అడవికి పోయి గడ్డలు తవ్వుకొస్తుంది. "మీ అవ్వ తెచ్చే గడ్డలు తింటావు కదా?" అన్నాను. తల దించుకుని, "హాస్టల్లో ఎవరికీ చెప్పకండి సార్" అన్నది.

ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

పేలియో అంటే పాతరాతియుగం. ఈ పేరుతో నడిచే తిండి పద్ధతి పుట్టింది అమెరికాలో. 1975లో వాల్టర్ వోగ్ట్లిన్ అనే వైద్యుడు రాతియుగపు ఆహారం మీద ఒక పుస్తకం రాశాడు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో దీని గురించి వ్యాసం ప్రచురించారు. 2002లో లారెన్ కార్డెయిన్ పుస్తకం వచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. వాళ్లు చెప్పేది ఇది: మనుషులు వ్యవసాయం నేర్చి సుమారు 10,000 ఏళ్లే అయింది. అంతకు ముందు లక్షల ఏళ్లు వేటాడి, ఏరుకుని బతికారు. మన శరీరం ఆ తిండికే అలవాటు పడింది. కాబట్టి మాంసం, చేపలు, గుడ్లు, పండ్లు, కూరలు, గింజలు తినాలి. ధాన్యం, పప్పులు, పాలు, చక్కెర మానాలి.

ఇందులో కొంత నిజం ఉంది. చక్కెర, మైదా, ప్యాకెట్ తిళ్లు తగ్గిస్తే ఎవరికైనా మేలే. కానీ ఆదిమానవుడు అనగానే మాంసం ముద్ద పట్టుకున్న మగవాడి బొమ్మ గీయడం మాత్రం సగం చరిత్రే. దీనికి ఒక కారణం ఉంది. పాత గుహలను తవ్వితే ఎముకలు, రాతి పనిముట్లు దొరుకుతాయి. గడ్డలు, ఆకులు, పండ్లు కుళ్లిపోతాయి. గడ్డలు తవ్విన కర్ర కూడా మట్టిలో కలిసిపోతుంది. అందుకే చాలాకాలం చరిత్రలో వేట కనిపించింది, ఏరుకోవడం కనిపించలేదు. ఏరుకునే పని ఎక్కువగా ఆడవాళ్లది కాబట్టి వాళ్లూ కనిపించలేదు.

ఇప్పుడు ఆధారాలు వస్తున్నాయి. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో సుమారు 1,70,000 ఏళ్ల కిందట నిప్పుల్లో కాల్చిన దుంపలు బొగ్గై దొరికాయి. ఆ సంగతి 2020లో బయటికొచ్చింది. జోర్డాన్‌లో 14,000 ఏళ్లకు పైబడిన రొట్టె ముక్కలు దొరికాయి. అంటే వ్యవసాయానికి ముందే మనుషులు అడవి గింజలు దంచి రొట్టె కాల్చుకున్నారు. 1960లలో రిచర్డ్ లీ అనే పరిశోధకుడు కలహారి ఎడారిలోని కుంగ్ ప్రజల తిండిని తూచి చూశాడు. వాళ్ల ఆహారంలో ఎక్కువ భాగం ఆడవాళ్లు ఏరి తెచ్చే కాయలు, గడ్డలేనని తేలింది.

మన నేలకూ ఈ చరిత్రలో చోటుంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడ్డ బూడిద పొర ఉంది. ఆ బూడిద కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంటే ఆ ప్రళయానికి ముందూ తర్వాతా ఇక్కడ మనుషులు బతికారు. చాలాకాలం తర్వాత, సుమారు 5,000 ఏళ్ల కిందట దక్కనులో సాగు మొదలైంది. ఆనాటి ఊళ్లలో దొరికిన గింజల్లో అండుకొర్రలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. పేలియో పుస్తకం వద్దంటున్న ధాన్యం, పప్పు మనకు అంత పాత చుట్టాలు.

1940లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నల్లమల చెంచుల దగ్గర ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. ఇనుప మొన తొడిగిన కర్రతో గడ్డలు తవ్వడం, పండ్లు, ఇప్పపువ్వు ఏరడం, తేనె తీయడం వాళ్ల బతుకుకు ఆధారమని అందులో వివరంగా ఉంది. అయితే ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. చెంచులు రాతియుగపు మనుషులు కారు. తేనె, గడ్డలు తెలిసినవాళ్లను వెనకబడినవాళ్లని చూపే రాతలను మనం ఒప్పుకోకూడదు. విషం ఉన్న పులిదుంపను సన్నగా తరిగి, బుట్టలో పెట్టి, పారే వాగులో నానబెట్టి, చేదు పోయాక ఉడికించి తినడం మన వాళ్లకు తెలుసు. అది తరతరాలుగా పరీక్షించి నిలబెట్టిన శాస్త్రం.

మరి ఈ తిండి మన పళ్లెంలోంచి ఎలా పోయింది? మనకు రుచించక పోలేదు. రంప కొండల్లో జీలుగు కల్లు, తాటి కల్లు ఎండాకాలం కడుపు నింపేవి. దాని మీద మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. పైగా సర్కారు ఆబ్కారీ నిబంధనలు తెచ్చి కల్లు హక్కును కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. 1879 రంప తిరుగుబాటుకు ఇది ముఖ్యమైన కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకూ, అడవిలో ఏరుకోవడానికీ అడ్డం పడింది. 1922లో అల్లూరి వెంట మన్యం నడవడానికీ ఆ బాధే కారణం. 1972 చట్టంతో వేట నేరమైంది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఆకలిని ఆపింది, ఆ మేలు మరువకూడదు. కానీ సామలు, కొర్రలు, గడ్డలు ఉన్న చోట తెల్లన్నం ఒక్కటే మిగిలింది. తర్వాత బడిలో సిగ్గు కూడా వచ్చి చేరింది.

కాబట్టి పాత తిండి అంటే వస్తువుల జాబితా కాదు. అడవిలోకి పోయే హక్కు, ఏది ఎప్పుడు తవ్వాలో తెలిసిన పెద్దలు, మళ్లీ మొలవడానికి కొంత గడ్డ వదిలే నియమం అందులో ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తేనె, మందుమొక్కలతో పాటు వేర్లు, దుంపలను కూడా పేరు పెట్టి చెప్పింది. వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనది. ఈ సంగతి ప్రతి గ్రామసభలో తెలియాలి.

ఇక మొదలుపెట్టడం ఎలా? కొనాల్సింది ఏమీ లేదు. ముందు ఇంట్లో అవ్వను, తాతను అడగండి. ఏ నెలలో ఏ గడ్డ, ఏ ఆకు, ఏ పండు తినేవాళ్లో పేర్లతో రాసుకోండి. మీ భాషలో పేరునే ముందు రాయండి. తెలియని గడ్డను ఒంటరిగా తవ్వి తినకండి, కొన్నింటిలో విషం ఉంటుంది. పప్పు, గుడ్డు, రాగి, సామ మానకండి. రక్తహీనత, సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఫోను చూసి తిండి మార్చకుండా డాక్టరును అడగండి. చక్కెర నీళ్లు, ప్యాకెట్ చిరుతిళ్లు తగ్గించండి. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పాత తిండిని సిగ్గు లేకుండా ముందుకు తెచ్చే దారి అది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సాంఘికశాస్త్రంలో పాతరాతియుగం పాఠం వచ్చిన రోజు ఒక అవ్వను బడికి పిలవండి. ఆమె గడ్డలు తవ్వే కర్రతో రావాలి, కుర్చీలో కూర్చుని పాఠం చెప్పాలి. బడి తెరిచాక మా తరగతికి ఆ పిల్ల వాళ్ల అవ్వనే పిలవాలనుకుంటున్నాను. పిలవమని ముందు ఆ పిల్లనే అడుగుతాను.