జొన్నరొట్టె వెనుక ఒక చిక్కుముడి

ఖాజాగూడ మొదలుకొని హైదరాబాదు వీథులలో నేడు జొన్నరొట్టెను ఆరోగ్యం కోరేవారు ఏరి కొనుక్కొంటున్నారు. మేమూ ఆ రొట్టెకు అలవాటుపడినవారమే. అయితే ఒకప్పుడు ఆ రొట్టె తప్ప వేరు తిండి దొరకని దక్కను పేదలలో కొందరిని పెల్లాగ్రా అనే వ్యాధి పీడించేది. ఎండ సోకినచోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకొనేవి, ముదిరితే మతి చలించేది.

దీనికి మందు నికోటినిక్ ఆమ్లమనే విటమిను అని అమెరికాలో 1937లో ఎల్వెజెం పరిశోధన దారి చూపింది. ఆ విటమినును శరీరం ట్రిప్టోఫాన్ అనే పదార్థంనుంచి కొంత తయారుచేసుకొంటుంది. మొక్కజొన్నలో అది తక్కువ గనుక, మొక్కజొన్న తినేవారి జబ్బు సంగతి బోధపడింది. జొన్నలో అంత తక్కువ కాదే! మరి ఈ జబ్బు ఎందుకు రావలె?

1958లో కూనూరునుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ ముడి విప్పబూనినారు. జొన్నలో లూసీన్ మితిమీరి ఉన్నదనీ, శరీరం ఆ విటమినును సమకూర్చుకొనే పనికి అది అడ్డు తగులుతున్నదనీ 1960లో సూచించినారు. ఇతర దేశాల పరిశోధకులందరూ దీనిని ఒప్పుకోలేదని కూడ శ్రోతలకు చెప్పవలె.

పప్పు, పాలు, మాంసం తోడైన కంచంలో జొన్నకు ఈ దోషం లేదు. ఆనాటి కూలివాని రొట్టెమీద ఉన్నది కారం మాత్రమే.