గ్రహాంతరవాసుల కోసం చెవి ఒగ్గడం దండగేనా?

మొన్న నందిగామలో ఒక తమ్ముడు ఆపి అడిగాడు: "అన్నా, గ్రహాంతరవాసుల కోసం అరవై ఏళ్లకు పైగా వింటున్నారు కదా, ఒక్క మాటైనా వినపడిందా? ఇదంతా దండగ కాదా?" ఈరోజు దానికే జవాబు.

కథ 1959లో మొదలైంది. కొక్కోని, మోరిసన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకమన్నారు. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువున్న హైడ్రోజన్ వెలువరించే రేడియో తరంగాలు అక్కడే వినిపిస్తాయి మరి. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల డిష్‌ను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పి విన్నాడు. ఏమీ దొరకలేదు. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్ల పాటు గట్టి సిగ్నల్ వచ్చింది. చూసినాయన కాగితం మీద "వావ్!" అని రాశాడు. అది మళ్లీ రాలేదు.

అసలు చిక్కు మన రొదతోనే. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌కు ప్రాక్సిమా సెంటారీ వైపు నుంచి వచ్చినట్టు ఒక సిగ్నల్ దొరికింది. 2021కి తేలిందేంటంటే, అది మన పరికరాల గోలే! అందుకే పుణె జిల్లా ఖోడద్ దగ్గరున్న జీఎంఆర్‌టీకి వెళ్తే ముందు ఫోన్ ఆపేయమంటారు. అక్కడ 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. 2016 అక్టోబరు 19న అంగారకుడి మీదికి దిగుతున్న యూరప్ ల్యాండర్ స్కియపరెల్లి పంపిన సన్నటి సిగ్నల్‌ను అవి పట్టుకున్నాయి. అంటే మన చెవి బాగానే పనిచేస్తోంది.

ఇక దండగ సంగతి. మన జగ్గయ్యపేట ధనబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది కదా. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, సిద్ధార్థుడనే పనివాడు అక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టి, తన పేరూ తండ్రి పేరూ చెక్కించాడు. తర్వాత ఆ లిపి చదివేవాళ్లే కరువయ్యారు. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పాడు. 1882లో బర్జెస్ ఆ స్తూపాన్ని పరిశీలించాడు. అలా పదహారు వందల ఏళ్ల తర్వాత ఆ మాట మళ్లీ చదవగలిగాం.

అతను మన మనిషే కాబట్టి చదవగలిగాం, ఒప్పుకుంటా. నక్షత్రాలవాళ్ల మాట అంతకన్నా కష్టం. పంపినవాళ్లు అప్పటికి ఉండకపోవచ్చు కూడా. కానీ వినేవాళ్లు లేకపోతే వచ్చిన మాట కూడా రానట్టే. తమ్ముడూ, అరవై ఏళ్లకే దండగ అనేస్తే ఎలా?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.